జబ్బు లేని మనిషికి ఏకాగ్రత మాత్ర రాయొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పద్దెనిమిదేళ్లు నిండిన, ఏ జబ్బూ లేని మనిషి వచ్చి "పరీక్షలున్నాయి, మొడాఫినిలో మిథైల్‌ఫెనిడేటో రాయండి" అంటే డాక్టరు రాయడం తప్పా? (మొదటిది నిద్ర జబ్బుకు, రెండోది ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ అనే జబ్బుకు ఇచ్చే మందు.) కాఫీకి అడ్డు చెప్పం, ముక్కు చక్కబెట్టే ఆపరేషన్‌కి అడ్డు చెప్పం, మరి ఈ మాత్ర దగ్గరకొచ్చేసరికే నీతి ఎందుకు గుర్తొస్తుంది?

చాలా సందర్భాల్లో రాయకూడదన్నది నా సమాధానం. అయితే మామూలుగా చెప్పే రెండు కారణాలు, "అది అసహజం", "అది మోసం" అన్నవి, నాకు పెద్దగా ఆనవు. నా అభ్యంతరం వేరు. మనిషి దేనికోసం అడుగుతున్నాడో దాన్ని ఈ మందులు అంతంతమాత్రంగానే ఇస్తాయి. పైగా ఇవ్వలేదన్న సంగతి వేసుకున్నవాడికి తెలియనివ్వవు. లాభనష్టాలు తెలిసి ఒప్పుకున్నాడని డాక్టరు రాసుకుంటాడు, కానీ ఆ లాభాన్ని కొలుచుకునే తూకాన్నే మందు పాడుచేస్తుంటే ఆ ఒప్పుకోలుకు ఎంత విలువ?

ముందు మందు పని చూద్దాం. మిథైల్‌ఫెనిడేట్ నాడీకణాల మధ్యకు వచ్చిన డోపమిన్, నోరెపినెఫ్రిన్ అనే సంకేత రసాయనాలు తిరిగి కణంలోకి పోకుండా అడ్డుకుంటుంది. అదే కోవకు చెందిన ఆంఫెటమిన్ అంతటితో ఆగదు, కణం లోపల నిల్వ ఉన్నదాన్ని కూడా బయటికి తోస్తుంది. మొడాఫినిల్ ఎలా పనిచేస్తుందో పూర్తిగా తేలలేదు గానీ అది కూడా డోపమిన్‌ను కణంలోకి తిరిగి చేర్చే ట్రాన్స్‌పోర్టర్‌ను పట్టుకుంటుంది. అయితే నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కు డోపమిన్ ఎంత పెరిగితే అంత మంచిదన్న లెక్క లేదు. తక్కువైనా పని సాగదు, ఎక్కువైనా సాగదు. డోపమిన్‌ను విరిచే సీఓఎంటీ అనే ఎంజైము కొందరిలో చురుగ్గా, కొందరిలో మందకొడిగా ఉంటుంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎంజైము చురుగ్గా ఉన్నవాళ్లకు ఆంఫెటమిన్ మేలు చేసింది. మందకొడిగా ఉన్నవాళ్లకు పని కష్టమయ్యేకొద్దీ అదే డోసు ఎదురుతిరిగింది. అప్పటికే మెదడు బాగా నడుస్తున్న మనిషిని ఇంకొంచెం నెడితే అవతలి వైపుకు జారిపోయే ప్రమాదం ఉందన్నమాట. సహజంగానే, ఈ మాత్ర అడగడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే బాగా చదివేవాళ్లు, బాగా పనిచేసేవాళ్లు.

2023లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన ప్రయోగం ఈ విషయాన్ని దగ్గరగా చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న 40 మందికి వేర్వేరు రోజుల్లో 30 మిల్లీగ్రాముల మిథైల్‌ఫెనిడేట్, 200 మి.గ్రా. మొడాఫినిల్, 15 మి.గ్రా. డెక్స్‌ట్రోఆంఫెటమిన్, మందేమీ లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. ఏ రోజు ఏది ఇచ్చారో ఇచ్చినవాళ్లకీ తెలియదు, మింగినవాళ్లకీ తెలియదు. ఇంత బరువే పట్టే సంచీలో ఏయే వస్తువులు సర్దితే మొత్తం విలువ ఎక్కువవుతుందో తేల్చాలి, అదీ పని. మందు పడ్డప్పుడు జనం ఎక్కువసేపు కూర్చున్నారు, వస్తువులు ఎక్కువసార్లు తీసి పెట్టారు, కానీ చివరికి సంచీ విలువ తగ్గింది. శ్రమ పెరిగింది, ఎత్తుగడ పలచబడింది. ఉత్తి మాత్ర మీద సగటు కంటే పైన ఉన్నవాళ్లు మిథైల్‌ఫెనిడేట్ మీద సగటు కంటే కిందికి వచ్చే ధోరణి కూడా కనిపించింది.

2017లో చదరంగం ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగం ఇంకాస్త ముచ్చటైనది. మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్, కెఫీన్ తీసుకున్న ఆటగాళ్లు ఒక్కో ఎత్తుకూ ఎక్కువసేపు ఆలోచించారు. గడియారం అయిపోయి ఓడిన ఆటలు పెరిగాయి. ఆ ఆటలను లెక్కలోంచి తీసేస్తేనే మందుకు కాస్త లాభం కనిపించింది. పరీక్ష గదిలో గడియారాన్ని లెక్కలోంచి తీసేసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇక నేను చెప్పిన తూకం సంగతి. 2013లో 46 మంది ఆరోగ్యవంతులకు 20 మి.గ్రా. మిశ్రమ ఆంఫెటమిన్ లవణాలు ఇచ్చి చూసినప్పుడు పరీక్షల మార్కుల్లో మొత్తంమీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తాము బాగా చేశామన్న నమ్మకం మాత్రం మందు రోజున పెరిగింది. 1997 నాటి మరో ప్రయోగంలో 64 గంటలు నిద్ర లేకుండా ఉంచినవాళ్లకు 300 మి.గ్రా. మొడాఫినిల్ ఇస్తే తమ పనితీరును ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేసుకున్నారు. "నాకు బాగా పనిచేసింది డాక్టరుగారూ" అన్న మాటను సాక్ష్యంగా తీసుకోకూడదనేది ఇందుకే. డోసు పెంచమని రెండోసారి వచ్చేవాళ్లు చెప్పేదీ సరిగ్గా ఈ మాటే.

అవతలి పక్షం కూడా చెప్పాలి. 1990 నుంచి 2014 వరకు వచ్చిన 24 అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, పొడుగైన, సంక్లిష్టమైన పనుల్లో మొడాఫినిల్ శ్రద్ధనూ నిర్ణయశక్తినీ కొంత పెంచినట్టు తేలింది. ఆ సమీక్షను పక్కన పెట్టలేం. కానీ అందులోవి ఎక్కువగా ఒక్క డోసు ఇచ్చి కొన్ని గంటలపాటు ల్యాబులో చూసిన ప్రయోగాలు. అడిగేవాళ్లకు కావలసింది మూడు నెలలు, ఆరు నెలలు. ఆరోగ్యవంతులు అన్నాళ్లు వాడితే ఏమవుతుందో చెప్పే సరైన ప్రయోగాలు లేవు. నిద్ర లేనివాడిని మేలుకొని ఉంచడంలో మాత్రం ఈ మందుల బలం నిజమైనదే. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

నష్టం లెక్క. మొడాఫినిల్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 15 గంటలు పడుతుంది. ఉదయం 8కి వేసుకున్న 200 మి.గ్రా.లో దాదాపు సగం రాత్రి 11కి కూడా ఉంటుంది. మధ్యాహ్నం 2కి వేసుకుంటే తెల్లవారుజామున 5 వరకూ అంతే. చదివింది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలో. అంటే పగలు సంపాదించిన గంటలకు రాత్రి వడ్డీతో సహా చెల్లించాల్సి వస్తుంది. రెండో రోజు మగతగా ఉందని ఇంకో మాత్ర, మూడో రాత్రి నిద్ర పట్టలేదని నిద్రమాత్ర... వ్యవహారం చెడేది సాధారణంగా ఈ వరుసలోనే.

దద్దుర్ల విషయం తేలిగ్గా తీసుకోకూడదు. 17 ఏళ్ల లోపు పిల్లల మీద జరిగిన పరీక్షల్లో 1,585 మందిలో 13 మంది దద్దుర్ల వల్ల మొడాఫినిల్ ఆపేయాల్సి వచ్చింది, అంటే సుమారు 0.8 శాతం. సగటున రెండు వారాల లోపే అవి బయటపడ్డాయి. వాటిలో చర్మం ఊడిపోయి ప్రాణం మీదికి తెచ్చే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అయి ఉండొచ్చనుకున్న కేసు ఒకటుంది. పెద్దవాళ్ల పరీక్షల్లో ఇలాంటివి కనిపించలేదు గానీ, మందు మార్కెట్లోకి వచ్చాక పెద్దవాళ్లలోనూ నమోదయ్యాయి. గర్భనిరోధక మాత్రల బలాన్ని మొడాఫినిల్ తగ్గిస్తుంది, ఆపేశాక ఇంకో నెల వరకూ. గర్భంలో బిడ్డకు అవయవ లోపాలు వచ్చే ప్రమాదం మీద 2019లో హెచ్చరికలు కూడా వచ్చాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. గర్భం రాకుండా మాత్ర వేసుకుంటున్న అమ్మాయికి ఆ సంగతి అడగకుండా మొడాఫినిల్ రాస్తే ఆ తప్పు పూర్తిగా రాసినవాడిదే.

మిథైల్‌ఫెనిడేట్, ఆంఫెటమిన్‌లు సగటున బీపీని 2 నుంచి 4 పాయింట్లు, నాడిని నిమిషానికి 3 నుంచి 6 కొట్టుకోళ్లు పెంచుతాయి. సగటు చిన్నదే, కానీ కొందరిలో అది చాలా ఎక్కువగా ఉంటుంది. వాళ్లెవరో ముందే తెలియదు. బయటపడని బైపోలార్ (ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాడిలో ఉన్మాదం రేగొచ్చు, కుటుంబంలో సైకోసిస్ (భ్రమలు కలిగించే మానసిక జబ్బు) ఉంటే అది తలెత్తొచ్చు. అలవాటుపడే ప్రమాదం మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టించిన అత్యంత తీవ్రమైన హెచ్చరికను 2023లో మళ్లీ బిగించారు. మనసు మీద పనిచేసే మందులపై 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఈ రెండూ గట్టి నియంత్రణ ఉండే రెండో షెడ్యూలులో ఉన్నాయి. జబ్బు లేకుండా రాయడం నీతి ప్రశ్న కాకముందే మీ దేశంలో చట్టం ప్రశ్న కావచ్చు, అది ముందు చూసుకోండి.

నాకు అన్నిటికంటే బలంగా కనిపించే వాదన ఒక నియంత్రణ సంస్థ నిర్ణయంలో ఉంది. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2010లో మొడాఫినిల్‌ను నార్కోలెప్సీకి (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బుకు) మాత్రమే పరిమితం చేయమంది. స్లీప్ ఆప్నియాలో (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బులో) వచ్చే పగటినిద్రకూ, షిఫ్టు పనివల్ల వచ్చే నిద్ర రుగ్మతకూ లాభం కంటే ప్రమాదమే ఎక్కువని తేల్చింది. అమెరికాలో ఆ రెండింటికీ అనుమతి ఇప్పటికీ ఉంది, కాబట్టి ఇది అందరూ ఒప్పుకున్న తీర్పు కాదు. కానీ నిజంగా నిద్ర జబ్బుతో బాధపడుతున్నవాళ్లకే తూకం అంత సన్నగా ఉంటే, ఏ బాధా లేనివాడి పళ్లెంలో లాభం వైపు ఏం వేస్తాం?

నీతి వాదనలకొస్తే, "అసహజం" అన్నది నిలబడదు. కళ్లద్దాలూ అసహజమే, టీకా కూడా అసహజమే. "మందుతో వచ్చిన విజయం నీది కాదు" అన్నది తత్వవేత్తలు తీరిగ్గా తేల్చుకోవలసింది, క్లినిక్‌లో దాని అవసరం రాదు. మోసమా కాదా అన్నది పోటీ నడిపేవాళ్లు పెట్టుకునే నియమం. డ్యూక్ యూనివర్సిటీ 2011లో ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇలాంటి మందు వాడి చదవడాన్ని మోసం కింద చేర్చింది. క్రీడల్లో మొడాఫినిల్ నిషేధం సంగతి తెలిసిందే. అయితే డ్యూక్ నియమంలో "ప్రిస్క్రిప్షన్ లేకుండా" అన్న మాట గమనించండి. డాక్టరు చీటీ ఉంటే అది మోసం కాదు. అంటే ఎవరు మోసగాడో ఎవరు కాదో తేల్చే పని డాక్టరుగా మీ కలానికి వచ్చి చేరింది, మీరు అడగకుండానే.

బలవంతం గురించిన వాదన మాత్రం గట్టిది. ఒక ఆఫీసులో పదిమందిలో నలుగురు మాత్ర మీద పద్నాలుగు గంటలు పనిచేస్తే మిగతా ఆరుగురికి ఆ పద్నాలుగు గంటలే కొలబద్ద అవుతుంది. ఎవరూ ఎవరినీ మాత్ర మింగమని అనలేదు, అయినా మింగక తప్పని స్థితి వస్తుంది. అందరూ మింగాక ఎవరి స్థానమూ మారదు, దుష్ప్రభావాలు మాత్రం అందరికీ మిగులుతాయి. పోటీలో ర్యాంకు కోసం వాడే ఏ మందుకైనా ఈ లెక్క వర్తిస్తుంది. పక్కవాడితో పోటీ లేని పనికి, ఉదాహరణకు రాత్రంతా ఆపరేషన్ చేస్తున్న సర్జన్ చేయి జారకుండా ఉండటానికి, వర్తించదు. అక్కడ లాభం రోగికి పోతుంది. ఈ రెండు రకాల కోరికలనూ ఒకే గాటన కట్టి వాదించడం వల్లే ఈ చర్చలు ఎటూ తెగవు.

వృత్తి సంఘాలు ఏమంటున్నాయంటే, అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2009లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం పెద్దవాళ్లు అడిగితే రాయాల్సిన బాధ్యత డాక్టరుకు లేదు, అలాగని రాయడం అనైతికమూ కాదు. నిర్ణయం డాక్టరు వివేచనకే వదిలింది. అదే సంస్థ 2013లో పిల్లల విషయంలో గట్టిగా వద్దంది. కెనడా వైద్య పత్రికలో అదే ఏడాది వచ్చిన వ్యాసం పెద్దవాళ్లకు కూడా రాయవద్దని వాదించింది. నా మొగ్గు ఆ కెనడా వ్యాసం వైపే, ఒకటి రెండు మినహాయింపులతో.

ఇక పనికొచ్చే భాగం. ఎదురుగా మనిషి కూర్చున్నాడు, మాత్ర అడిగాడు. ముందు "లేదు" అనకండి, "ఎందుకు" అనండి. "ఏకాగ్రత కుదరడం లేదు" అన్న మాట వెనక చాలాసార్లు వైద్యం చేయాల్సిందేదో ఉంటుంది. నిద్ర ఎన్ని గంటలో రెండు వారాలు డైరీ రాయమనండి. పగటినిద్రను కొలిచే ఎప్‌వర్త్ స్కేలు ఎనిమిది ప్రశ్నలే, 24కి పది దాటితే పగటినిద్ర ఎక్కువ ఉన్నట్టు. గురక, పొద్దున్నే తలనొప్పి ఉంటే స్లీప్ ఆప్నియా కోసం చూడాలి. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నపత్రంలో పదో, అంతకంటే ఎక్కువో వస్తే డిప్రెషన్ గురించి మాట్లాడాలి. రక్తహీనతకు హిమోగ్లోబిన్, ఇనుము నిల్వకు ఫెరిటిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించండి. మందుల జాబితా అడగండి. జలుబుకు వాడే పాత రకం యాంటీహిస్టమిన్ రోజూ మింగుతూ బుర్ర మొద్దుబారిందనేవాళ్లకు ఇంకో మాత్ర కలపక్కర్లేదు, ఒకటి తీసేస్తే చాలు.

ఏడీహెచ్‌డీ నిజంగానే ఉండొచ్చు, చిన్నప్పుడు ఎవరూ పట్టుకోకపోయి ఉండొచ్చు. ఉంటే అది వైద్యం, ఈ చర్చ పరిధిలోకి రాదు. 17 ఏళ్లు దాటినవాళ్లలో అజాగ్రత్తకు గానీ, నిలకడలేమికి గానీ చెందిన లక్షణాలు కనీసం ఐదు ఉండాలి. వాటిలో కొన్ని 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి. ఇల్లు, బడి, ఉద్యోగం వంటివాటిలో కనీసం రెండు చోట్ల ఇబ్బంది పెట్టాలి. తనంతట తాను నింపే ప్రశ్నపత్రాన్ని మాత్ర కావాలనుకున్నవాడు సులభంగా నటించి నింపగలడు. చిన్ననాటి ప్రోగ్రెస్ రిపోర్టులు అడగండి, తల్లితోనో అక్కతోనో మాట్లాడండి. పోయిన నెలలో మొదలైన ఏడీహెచ్‌డీ అంటూ ఉండదు. దొంగ రోగనిర్ధారణ రాసి మాత్ర ఇవ్వడం మాత్రం ఏ కోణంలో చూసినా తప్పే. అది ఆ మనిషి రికార్డులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, బీమాకీ ఉద్యోగానికీ అడ్డొస్తుంది. దానికంటే "జబ్బు లేదు, కోరిక మీద రాశాను" అని ఉన్నదున్నట్టు రాయడం నయం. అలా రాయడానికి చెయ్యి రాకపోతే, చీటీ కూడా రాయకూడదన్నమాట.

అన్నీ చూశాక మనిషి నిజంగా ఆరోగ్యంగానే ఉన్నాడు. ఎప్పుడు ఔనంటారు? నా లెక్కలో మూడూ కలిసి ఉండాలి: నిద్ర లేకుండా పనిచేయక తప్పని పరిస్థితి, అది కొద్ది రోజుల్లో ముగిసేది కావడం, పని చెడితే వేరేవాళ్ల ప్రాణం మీదికి రావడం. 17 గంటలు మేలుకొని ఉన్నవాడి చేతి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని 1997 నాటి అధ్యయనం చూపింది. 24 గంటలకు అది 0.10 దాకా పోతుంది. సుదీర్ఘ విమానయానాల్లో సైన్యాలు ఈ మందులను డాక్టరు పర్యవేక్షణలో వాడింది ఈ లెక్కతోనే. అక్కడ కూడా నేలమీద ముందుగా ఒక డోసు వేసి ఎలా పడుతుందో చూస్తారు, వద్దనే హక్కు కాగితం మీద ఉంటుంది. ఆ హక్కు నిజంగా వాడుకోదగ్గదా అన్నది వేరే ప్రశ్న.

అలాంటి సందర్భంలోనైనా బీపీ, నాడి చూడకుండా రాయకండి. గుండె జబ్బు, కుటుంబంలో చిన్న వయసులో హఠాత్తు మరణం ఉంటే ఈసీజీ లేకుండా ముందుకు పోకండి. మిథైల్‌ఫెనిడేట్‌కు ముందు 14 రోజుల్లో ఎంఏఓ ఇన్‌హిబిటర్ రకం మందు (డిప్రెషన్‌కు, పార్కిన్సన్ జబ్బుకు ఇచ్చేవాటిలో కొన్ని) వాడి ఉండకూడదు. మాత్రలు నాలుగో ఐదో, నెలకు సరిపడా కాదు. మొడాఫినిల్ అయితే 100 మి.గ్రా.తో మొదలుపెట్టి, పనికి గంట ముందు వేసుకోమనాలి. మొదటి డోసు బండి నడపాల్సిన రోజున వద్దు. దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే మాత్ర ఆపి అదే రోజు రమ్మనాలి. రెన్యువల్ ఫోన్ మీద ఇవ్వకూడదు.

కాదన్నారనుకోండి, ఆన్‌లైన్‌లో కొనుక్కుంటాడు. ఇది "అయితే నేనే రాసేస్తే పోలా" అనడానికి కారణం కాదు. ఏం రాయకపోయినా ఐదు నిమిషాలు మాట్లాడటానికి మాత్రం కారణమే. లోపల ఏముందో తెలియని మాత్ర ప్రమాదం, మద్యంతో కలపకూడదన్న సంగతి, గర్భనిరోధక మాత్ర సంగతి, దద్దుర్ల సంగతి చెప్పి పంపండి. "వాడినా సరే, నాకు చెప్పండి, తిట్టను" అన్న మాట కూడా అనండి. వాడుతున్నట్టు దాచినవాడికి రేపు గుండె దడతో అత్యవసర విభాగంలో ఏ మందు ఇవ్వాలో ఎవరికీ తెలియదు. దాంతోపాటు 100 నుంచి 200 మి.గ్రా. కెఫీన్, మధ్యాహ్నం 20 నిమిషాల కునుకు, పరీక్షకు ముందు రాత్రి పూర్తి నిద్ర అని చెప్పండి. వింటుంటే చప్పగానే ఉంటుంది, ఆధారం మాత్రం వీటికే ఎక్కువ.

పిల్లల విషయంలో నాకు మినహాయింపులే లేవు. అడిగేది తల్లిదండ్రులు, మింగేది పిల్లవాడు, పెరుగుతున్నది వాడి మెదడు. పై అధికారి పంపితే వచ్చే ఉద్యోగిది కూడా దాదాపు అదే పరిస్థితి. అతను "నేనే అడుగుతున్నా" అంటాడు. అప్పుడు ఒకటే అడగండి: మీరు వద్దన్నారని మీ ఆఫీసులో ఎవరికైనా తెలుస్తుందా? తెలుస్తుందంటే ఆ కోరిక అతనిది కాదు, రాయకండి. రాయనందుకు కారణం ఆఫీసుకు పంపే కాగితంలో పెట్టకండి. "వైద్యపరంగా తగదు" అన్న రెండు మాటలు చాలు, నింద అతని మీద పడకుండా మీ మీదకే వస్తుంది.